ఎర్రర్ రాలేదు, ఖాళీ వచ్చింది: సర్వే నంబర్ నుంచి ఆబ్జెక్ట్ ఐడీ దాకా

ఈ రోజు ఎపిసోడ్ ఒక చిన్న పనితో మొదలుపెడదాం. మీ ఫోన్‌లో మ్యాప్ తెరిచి "ధరూర్" అని కొట్టండి. ఏ ఊరు వచ్చింది?

కొందరికి జోగులాంబ గద్వాల జిల్లాలో, జూరాల డ్యామ్ దగ్గర ఉన్న మండలం వస్తుంది. అది మా ఊరు. కొందరికి వికారాబాద్ జిల్లా ధారూర్ వస్తుంది, ఏటా నవంబర్‌లో పెద్ద క్రైస్తవ జాతర జరిగే చోటు. ఇంకొందరికి మహారాష్ట్రలో బీడ్ జిల్లా ధారూర్ రావచ్చు, అక్కడ పాత కోట ఒకటి ఉంది. తమాషా ఏంటంటే 1948 దాకా ఈ మూడు ఊర్లూ ఒకే నిజాం రాజ్యంలో ఉండేవి.

నేను బీటెక్ కోసం హైదరాబాద్ వచ్చినప్పుడు "మాది ధరూర్" అంటే చాలు, "ఓ, వికారాబాద్ సైడా" అనేవాళ్ళు. ఒకసారి మా అమ్మ పంపిన సజ్జ రొట్టెల పార్సిల్ కూడా ఆ ధారూర్ చూసొచ్చింది. నాలుగో రోజు నా చేతికొచ్చేసరికి రొట్టెలు పెంకుల్లా అయినయి.

పేరుతో ఊరిని గుర్తుపట్టలేం. అందుకే నంబర్ కావాలి. ఈ రోజు విషయం అదే: ఒక వస్తువుకు, ఒక మనిషికి, ఒక చేనుకు "ఇది ఇదే, ఇంకోటి కాదు" అని చెప్పే నంబర్. డేటాబేస్‌లో దాన్ని యునీక్ ఐడీ అంటాం. ఊర్లో దాన్ని సర్వే నంబర్ అంటాం. రెండింటి చరిత్రా దగ్గర దగ్గరగా ఒకటే అని నాకు ఆలస్యంగా తెలిసింది. రెండు దెబ్బలు తిన్నాక తెలిసింది. ఆ రెండూ చెప్తాను.

మొదటిది ఉద్యోగంలో తగిలింది. కంపెనీ పేరు వద్దు. అక్కడ యూజర్ల డేటా అంతా మాంగోడీబీలో ఉండేది. పాత కోడ్ నోడ్‌లో, మాంగూస్ అనే లైబ్రరీతో రాసింది. దాన్ని పైథాన్‌కు, అంటే పైమాంగో లైబ్రరీకి మార్చే పని నాకిచ్చారు. రాశాను, టెస్ట్ చేశాను, రాత్రి లైవ్ చేసి పడుకున్నాను.

పొద్దున లేచేసరికి ఫోన్ నిండా మెసేజ్‌లు. "నా ఆర్డర్లన్నీ పోయినయి", "నా వాలెట్ ఖాళీగా ఉంది". లాగ్‌లు చూస్తే ఒక్క ఎర్రర్ లేదు. సర్వర్ హాయిగా నడుస్తోంది. డేటాబేస్ తెరిస్తే ఆ మనుషుల రికార్డులు ఉన్నాయి. ఉండటమేంటి, రెండేసి ఉన్నాయి. ఒకటి పాత డేటాతో నిండుగా, ఇంకోటి కొత్తగా, ఖాళీగా. రెండింటి ఐడీ స్క్రీన్ మీద అక్షరం తేడా లేకుండా ఒకేలా కనబడుతోంది. యునీక్ అన్న ఐడీ రెండుసార్లు ఎట్లా వస్తుంది?

ఇది అర్థం కావాలంటే ఆ ఐడీ లోపల ఏముందో చూడాలి. కొంచెం వెనక్కి వెళ్దాం.

1970లో ఐబీఎంలో పనిచేసే ఎడ్గార్ కాడ్ అనే ఆయన ఒక పేపర్ రాశాడు. డేటాను పట్టికలుగా పెట్టుకుందాం, ప్రతి వరసనూ ప్రత్యేకంగా గుర్తుపట్టేందుకు ఒక కీ ఉండాలి అన్నాడు. మనం కాలేజీలో డీబీఎంఎస్ పేపర్‌లో రాసిన ప్రైమరీ కీ అక్కడి నుంచే. ఆ రోజుల్లో డేటాబేస్ ఒకే పెద్ద మెషిన్‌లో ఉండేది కాబట్టి 1, 2, 3 అని వరసగా నంబర్లు ఇచ్చుకుంటూ పోతే సరిపోయేది. రేషన్ షాపులో ఒకే మనిషి కూర్చుని టోకెన్లు ఇచ్చినట్టు.

కంప్యూటర్లు పదులు, వందలు అయ్యాక కష్టం మొదలైంది. పది కౌంటర్లలో పది మంది టోకెన్లు ఇస్తుంటే, 57వ నంబర్ ఇద్దరికి పోకుండా ఎట్లా? ప్రతిసారీ ఒకరినొకరు అడగాలంటే లైన్ కదలదు. అందుకే 1980ల్లో అపోలో అనే అమెరికన్ కంప్యూటర్ కంపెనీ వేరే దారి పట్టింది. టైమ్‌నూ, ఆ మెషిన్ గుర్తునూ కలిపి నంబర్ చేస్తే ఎవరినీ అడగక్కర్లేదు కదా అనుకుంది. ఆ ఆలోచనే తర్వాత 128 బిట్ల యూయూఐడీగా పెరిగింది.

దాంట్లో ఒక చిక్కు వచ్చింది. యూయూఐడీ మొదటి రకంలో మీ కంప్యూటర్ నెట్‌వర్క్ కార్డ్ అడ్రస్ కూడా ఉండేది. 1999లో మెలిస్సా వైరస్ వర్డ్ ఫైళ్ళ ద్వారా పాకినప్పుడు, ఫైల్ లోపల దాగిన ఇలాంటి నంబర్‌ను పట్టుకుని అది రాసిందెవరో వెతికారు. గుర్తు కోసం పెట్టిన నంబర్ ఆచూకీ కూడా చెప్పేస్తోంది అన్నమాట.

ఇప్పుడు మాంగోడీబీకి వద్దాం. 2007లో న్యూయార్క్‌లో టెన్‌జెన్ అనే కంపెనీ మొదలైంది. దాన్ని పెట్టినవాళ్ళు అంతకు ముందు డబుల్‌క్లిక్ అనే ఇంటర్నెట్ యాడ్స్ కంపెనీలో పనిచేసినవాళ్ళు. సెకనుకు ఎన్ని రాతలు డేటాబేస్ మీద పడతాయో చూసినవాళ్ళు. 2009లో మాంగోడీబీ బయటికొచ్చింది. దాంట్లో ప్రతి రికార్డును డాక్యుమెంట్ అంటారు. ప్రతి డాక్యుమెంట్‌కూ "అండర్‌స్కోర్ ఐడీ" అనే గడి తప్పనిసరి. మీరు ఇవ్వకపోతే లైబ్రరీనే ఒకటి తయారుచేసి పెడుతుంది. దాని పేరు ఆబ్జెక్ట్ ఐడీ.

ఆబ్జెక్ట్ ఐడీ 12 బైట్లు. మొదట్లో దాని లెక్క ఇది: 4 బైట్లు టైమ్, అంటే 1970 జనవరి 1 నుంచి ఎన్ని సెకన్లు అయ్యాయో ఆ అంకె. 3 బైట్లు మెషిన్ గుర్తు. 2 బైట్లు ప్రాసెస్ నంబర్. చివరి 3 బైట్లు ఒక్కొక్కటిగా పెరిగే కౌంటర్. 3 బైట్లంటే 1,67,77,216 అంకెలు. ఒకే సెకనులో ఒకే ప్రాసెస్ అన్ని డాక్యుమెంట్లు చేసేదాకా నంబర్ మళ్ళీ రాదు.

తర్వాతి వెర్షన్లలో మెషిన్ గుర్తునూ ప్రాసెస్ నంబర్‌నూ తీసేసి, ఆ 5 బైట్ల చోట ప్రోగ్రామ్ మొదలైనప్పుడు ఒకసారి ఎంచుకునే యాదృచ్ఛిక అంకె పెట్టారు. టైమ్‌ను మాత్రం ఉంచారు. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాం.

ఈ 12 బైట్లను మనకు చూపించేటప్పుడు 24 అక్షరాలుగా చూపిస్తారు. నేను దెబ్బ తిన్నది ఇక్కడే. ఆ 24 అక్షరాల రాత ఒకటి, లోపలి 12 బైట్ల ఆబ్జెక్ట్ ఐడీ ఇంకొకటి. కంటికి ఒకేలా ఉన్నా డేటాబేస్‌కు అవి రెండు వేరు వేరు రకాలు. వెబ్ నుంచి, ఫోన్ నుంచి వచ్చే ఐడీ ఎప్పుడూ రాతగానే వస్తుంది. మాంగూస్ అయితే స్కీమా చూసి, తానే దాన్ని ఆబ్జెక్ట్ ఐడీగా మార్చి వెతుకుతుంది. పైమాంగో మార్చదు. మీరు ఏది ఇస్తే దాన్నే వెతుకుతుంది. రాత ఇస్తే "ఈ రాత ఐడీగా ఉన్న డాక్యుమెంట్ ఏదీ లేదు" అని మర్యాదగా ఖాళీ తెచ్చి ఇస్తుంది. పైథాన్ భాషలో "నన్".

నా కోడ్ ఆ ఖాళీని చూసి ఏమనుకుంది? "ఓహో, కొత్త యూజర్" అనుకుంది. లేకపోతే కొత్తది చెయ్యి అని రాసి ఉన్నాను కాబట్టి, ఆ రాతనే ఐడీగా పెట్టి కొత్త ఖాళీ డాక్యుమెంట్ చేసేసింది. అట్లా ఒక్క రాత్రిలో నాలుగు వందల మందికి పైగా జంట రికార్డులు.

సర్దడం కూడా అంత సులువుగా కాలేదు. ఆబ్జెక్ట్ ఐడీలో టైమ్ ఉంటుంది కదా, నిన్న రాత్రి పుట్టినవాటిని ఏరేద్దాం అనుకున్నాను. కానీ దొంగ రికార్డు ఐడీ అసలు దాని నకలు. అందులో చూస్తే రెండేళ్ళ కింది తేదీ ఉంది. చివరికి "ఐడీ రకం రాత అయిన డాక్యుమెంట్లు ఇవ్వు" అని అడిగితే, అప్పుడు దొరికాయి. మాంగోడీబీలో టైప్‌ను బట్టి వెతికే ఆపరేటర్ ఉంది. అది ఆ రోజు నా ఉద్యోగం నిలబెట్టింది.

నిజానికి కావాల్సిన మార్పు ఒక్క లైన్. బయటి నుంచి వచ్చిన రాతను ముందు సరైనదా అని చూసి, ఆబ్జెక్ట్ ఐడీగా మార్చి, అప్పుడు వెతకడం. సరైనది కాకపోతే గట్టిగా ఎర్రర్ ఇవ్వడం. ఇంకొకటి కూడా అప్పుడే నేర్చుకున్నాను. "దొరకలేదు" అంటే "లేడు" అని అర్థం కాదు. మనం అడిగిన తీరు తప్పు అయి ఉండొచ్చు.

ఇప్పుడు రెండో దెబ్బ. ఇది మా నాయనది.

కొన్నేళ్ళ కింద పంట లోను కోసం మా నాయన పాస్ పుస్తకం పట్టుకుని ఒక ఆఫీసుకు పోయిండు. అక్కడ కూర్చున్న పిల్లగాడు నంబర్ కొట్టి, "పెద్దాయనా, ఈ నంబర్ మీద మీ పేరు లేదు" అన్నడంట. నాయన ఇంటికొచ్చి సాయంత్రం దాకా ఏం మాట్లాడలేదు. రాత్రి నాకు ఫోన్ చేసి అన్నడు: "ఏంరా, కంప్యూటర్ల మన చేను లేదంట. పొద్దున్నే నీళ్ళు పెట్టొచ్చిన గదరా. యాడికి పోతది?"

నేను ఇంజనీర్‌ను కదా, "సర్వర్ ప్రాబ్లం అయ్యుంటది నాయనా" అన్నాను. కాదు. ఖాళీ ఎందుకొచ్చిందో అర్థం కావాలంటే ఇక్కడ కూడా ఆ నంబర్ లోపలికి పోవాలి.

మొదట్లో చేనుకు నంబర్ లేదు. పాత శాసనాల్లో, దానపత్రాల్లో భూమిని హద్దులతో చెప్పేవాళ్ళు: తూర్పున వాగు, పడమర ఫలానా వాళ్ళ చేను, ఉత్తరాన బాట, దక్షిణాన చెరువు కట్ట. ఈ నాలుగు హద్దులనే రిజిస్ట్రేషన్ కాగితాల్లో ఇప్పటికీ చెక్కుబందీ అంటారు.

హైదరాబాద్ రాజ్యంలో మొదటి సాలార్‌జంగ్ దివాన్‌గా ఉన్న కాలంలో, 1865లో జిల్లాబందీ చేసి రాజ్యాన్ని జిల్లాలుగా విడగొట్టారు. ఆ తర్వాత 1870ల్లో బొంబాయి పద్ధతిలో భూముల సర్వే, సెటిల్‌మెంట్ పని మొదలైంది. ప్రతి ఊరి భూమినీ ముక్కలుగా కొలిచి, ఒక్కో ముక్కకు ఒక్కో నంబర్ ఇచ్చారు. మా గద్వాల అప్పుడు సంస్థానం, నిజాంకు పేష్కష్ కట్టుకుంటూ లోపలి పాలన తానే చూసుకునేది. 1317 ఫస్లీలో, అంటే 1907లో, హైదరాబాద్ ల్యాండ్ రెవెన్యూ చట్టం వచ్చింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1954-55లో ఖాస్రా పహాణీ రాశారు. తెలంగాణలో ఏ భూమి తగాదా వచ్చినా ఇప్పటికీ "ఖాస్రాలో ఎవరి పేరుంది?" అని అడిగేది అందుకే.

డేటాబేస్ కళ్ళతో ఈ సర్వే నంబర్‌ను చూడండి. ఇది యునీకేనా? ఒక ఊరి లోపల యునీక్. ఊరు దాటితే కాదు, 112 ప్రతి ఊర్లో ఉంటుంది. కాబట్టి అసలు కీ ఏంటంటే జిల్లా, మండలం, ఊరు, సర్వే నంబర్, అన్నీ కలిపి. ఇప్పుడు ఆ కలిపిన వాటిలో ఎన్ని మారాయో లెక్కపెట్టండి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2014లో రాష్ట్రం మారింది. 2016 అక్టోబర్ 11న మా జిల్లా మహబూబ్‌నగర్ కాస్తా జోగులాంబ గద్వాల అయింది. చేను అంగుళం కూడా జరగలేదు.

ఇది కాక పంపకాలు. తాత చనిపోయాక 112 కాస్తా 112/అ, 112/ఆ అవుతుంది. వాళ్ళ పిల్లలు పంచుకుంటే 112/అ/1, 112/అ/2. నంబర్ పెరుగుతూ పోతుంది, పక్కన గీతలు పెరుగుతూ పోతాయి. (ఈ 112 ఉదాహరణకే చెప్తున్నా, మా నంబర్ కాదు.)

మా నాయన విషయంలో జరిగింది ఇదే. పాత కాగితంలో మా ముక్కకు ఒక అక్షరం ఉంది. కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు ఆ అక్షరం పక్కన ఇంకో అంకె చేరింది. నాయన దగ్గరున్న పాత నంబర్ కొడితే చిన్నాయన పేరు వస్తోంది. నాయన పేరు వేరే ఉప నంబర్ కింద ఉంది. భూమి ఉంది, పేరు ఉంది, అడిగిన నంబర్ మాత్రం అది కాదు. ఖాళీ వచ్చింది. ఆ ఖాళీని చూసి ఆ మనిషి "లేదు" అన్నాడు. నా కోడ్ చేసిన తప్పే ఇది.

దాన్ని ఎవరు పట్టుకున్నారో తెలుసా? అదే ఆఫీసులో రిటైర్‌మెంట్‌కు దగ్గరగా ఉన్న ఒక పెద్దమనిషి. ఆయన నంబర్ కొట్టలేదు. "నీ చేనుకు తూర్పున ఎవరు? బాట ఏ దిక్కున ఉంది?" అని అడిగి, పక్క చేన్ల రికార్డులు తెరిచి, మధ్యలో మిగిలిన ముక్క మాదే అని చూపించాడు. చెక్కుబందీతో వెతికాడు. అయినా అది సరిచేయించుకోవడానికి ఏడు నెలలు పట్టింది. ఆ ఏడాది లోను రాలేదు. నాయన విత్తన పత్తికి మూడు రూపాయల వడ్డీకి బయట అప్పు తెచ్చిండు. నా నాలుగు వందల మంది యూజర్లకు సాయంత్రానికి డేటా తిరిగొచ్చింది. నాయనకు ఒక పంట కాలం పోయింది.

సరే, మరి మంచి నంబర్ అంటే ఎట్లా ఉండాలి? మా వీధిలో నిలబడి చూస్తే సగం జవాబు దొరుకుతుంది. నాయన పాత బండి ప్లేట్ మీద ఏపీ 22 ఉంటుంది. అంటే ఉమ్మడి రాష్ట్రంలో మహబూబ్‌నగర్. నా సెకండ్ హ్యాండ్ బండి టీఎస్ 06. మా బాబాయ్ కొడుకుది టీఎస్ 33, అంటే కొత్త జిల్లా. పక్కింట్లో 2024లో కొన్న స్కూటీ టీజీ 33. నాలుగు బండ్లూ ఒకే వీధిలో ఉంటాయి. ఏపీ 22 అనే మాట చెప్పే అర్థం ఇప్పుడు అబద్ధం. ఆ రాష్ట్రంలో మేం లేం, ఆ జిల్లాలోనూ లేం. అయినా ఆ నంబర్ కొడితే మా నాయన బండే వస్తుంది, ఎందుకంటే దాన్ని ఎవరూ మార్చలేదు. నంబర్‌లో పెట్టిన అర్థం పాతబడుతుంది. నంబర్‌ను ముట్టుకోకపోతే గుర్తు మాత్రం నిలబడుతుంది.

మిగతా సగం ఆధార్ నేర్పుతుంది. 2010 సెప్టెంబర్ 29న మహారాష్ట్రలోని తెంభ్లీ అనే ఊర్లో మొదటి ఆధార్ ఇచ్చారు. అందులో 12 అంకెలు. మీ రాష్ట్రం, కులం, వయసు ఏదీ ఆ అంకెల్లో లేదు, కావాలనే పెట్టలేదు. చివరి అంకె మాత్రం వెర్హాఫ్ అనే డచ్ గణితజ్ఞుడి సూత్రంతో వచ్చే తనిఖీ అంకె. ఒక అంకె తప్పు కొడితే "లేడు" అని కాకుండా, "నంబర్ తప్పు" అని చెప్పగలుగుతుంది. 2011 జనాభా లెక్కల్లో ఊర్లకు ఇచ్చిన ఆరంకెల కోడ్ కూడా ఇట్లాంటిదే. మా ధరూర్‌కు ఒకటి, వికారాబాద్ ధారూర్‌కు ఒకటి. రాష్ట్రం మారినా, జిల్లా మారినా ఆ కోడ్ మారాల్సిన పని లేదు.

ఇప్పుడు ఆబ్జెక్ట్ ఐడీ దగ్గరికి మళ్ళీ వద్దాం. మెషిన్ గుర్తు తీసేశారు, టైమ్ ఉంచారు అన్నాను కదా. ఎందుకో నాకు ఇట్లా అర్థమైంది. ఎక్కడ ఉన్నావనేది మారుతుంది, మెషిన్లు మారినట్టు, జిల్లాలు మారినట్టు. ఎప్పుడు పుట్టావనేది మారదు. మారని దాన్ని నంబర్‌లో పెట్టుకున్నా ప్రమాదం లేదు. పైగా మాంగోడీబీలో ఒకసారి పెట్టిన అండర్‌స్కోర్ ఐడీని మార్చనివ్వరు. మార్చాలని చూస్తే ఎర్రర్ ఇస్తుంది.

భూమి విషయంలో కూడా ఇప్పుడు అటే నడుస్తున్నారు. తెలంగాణలో 2020 అక్టోబర్ 29న ధరణి వచ్చింది. 2025 ఏప్రిల్ 14న దాని చోట భూభారతి వచ్చింది. కొత్త చట్టంలో ప్రతి భూమికీ భూధార్ అనే ప్రత్యేక నంబర్ ఇచ్చే ఏర్పాటు ఉంది. కేంద్రం 2021లో మొదలుపెట్టిన భూ ఆధార్ అయితే 14 అక్షరాలది. చేను మూలల అక్షాంశ రేఖాంశాలను ఆధారం చేసుకుని ఆ నంబర్ వస్తుంది. ఆలోచన మంచిదే. కానీ నేను భయపడేది ఒక్కటే. కొత్త నంబర్ వచ్చిన రోజు పాత నంబర్‌ను పారేస్తే, మళ్ళీ ఎవరో ఒక నాయన కౌంటర్ ముందు నిలబడి "లేదు" అనిపించుకుంటాడు.

మీరు కోడ్ రాసేవాళ్ళయితే మూడు పనులు చేయండి. ఐడీని ఎప్పుడూ ఒకే రకంగా దాచండి: యూజర్ దగ్గర ఆబ్జెక్ట్ ఐడీ, ఆర్డర్ దగ్గర రాత అని పెడితే రెండూ కలపబోయినప్పుడు ఖాళీనే వస్తుంది. ఖాళీ వచ్చినప్పుడు కొత్తది సృష్టించే ముందు ఒక్క నిమిషం ఆగండి. నంబర్ మార్చాల్సి వస్తే పాతది, కొత్తది పక్కపక్కన ఉండే పట్టిక ఒకటి ఉంచండి.

కోడ్ రాయకపోయినా పర్లేదు. ఈ వారం ఊరికి పోతే ఇంట్లో ఉన్న పాస్ పుస్తకం, పాత పహాణీ నకలు, రిజిస్ట్రేషన్ కాగితం ఫోటోలు తీసిపెట్టుకోండి. చెక్కుబందీ ఉన్న పేజీ తప్పకుండా తీయండి.

మా నాయన ఇప్పుడు ఒక పని చేసిండు. బీరువాలో లాంగ్ నోట్‌బుక్ ఒకటి పెట్టిండు. ఎడమ వైపు తాత కాలం నంబర్, దాని పక్కన పంపకం నంబర్, దాని పక్కన కంప్యూటర్ నంబర్. చివర కొంత ఖాళీ వదిలిండు. "అదెందుకు నాయనా?" అని అడిగితే, "మళ్ళ మారుస్తరు గదరా" అన్నడు. డేటాబేస్ వాళ్ళు దాన్నే మ్యాపింగ్ టేబుల్ అంటారు. నేను ఆ రోజు అట్లాంటిది పెట్టుకుని ఉంటే నాలుగు వందల మందిని ఏడిపించేవాణ్ణి కాదు.

ఈ ఎపిసోడ్‌కు ఇంతే. మీ ఇంటి కాగితాల్లో ఎన్ని పాత నంబర్లు దొరికాయో చూడండి. వచ్చే వారం కలుద్దాం.